కరువును తీసినోళ్లు శానామంది, మన ఆటపాట తీసినోళ్లు యాడ?

మా పెదనాయన ఉరుము వాయించేవాడు. తెలియనోళ్లకు చెప్తా, ఉరుములంటే మన అనంతపురం దిక్కు జాతరల్లో వాయించే వాద్యం. ఒక పక్క కర్రతో రుద్దితే మూలుగుతాది, ఇంకో పక్క కొడితే మోడంలో ఉరిమినట్లుంటాది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సక్రమంగా పడని నేల మనది. ఆ నేలమీద మనోళ్లు వాద్యానికి పెట్టుకున్న పేరు ఉరుము.

2019లో మా ఊరి జాతరప్పుడు ఆయన వాయిస్తాంటే నా సెల్లులో నాలుగు నిమిషాలు తీసినా. మూడు నెలలకు ఒక పెండ్లి షూటింగులో సెల్లు మెమరీ నిండిపోయింది. పెండ్లికొడుకు కారు దిగేది తీయాల. చేతికి దొరికిన పాత వీడియోలన్నీ డిలీట్ కొట్టినా. అందులో పెదనాయన కూడా పోయినాడు. 2021లో మనిషే పోయినాడు. ఇప్పుడు ఆయన వాయించిన దెబ్బ ఒక్కటి మా ఇంట్లో లేదు. గోడకు ఫొటో ఉండాది, దండేసి. ఫొటో మోగదు కదప్పా.

నేను పెండ్లిండ్లకు, పుట్టినరోజులకు వీడియోలు తీసి బతుకుతాండా. ఆ నాలుగు నిమిషాలు పోయినప్పటి నుంచి నాకొక ఆలోచన పట్టుకుంది. కెమెరాలేసుకొని మన జిల్లాకు శానామంది వచ్చినారు. ఎండిన బోరు తీసుకున్నారు, బీడుపడిన శెనక్కాయ చేను తీసుకున్నారు, వలసపోతాండే ముసలవ్వ ముఖం దగ్గరగా తీసుకున్నారు. అవి అబద్ధాలు కావు. కానీ అదే ఊర్లో సాయంత్రం కబడ్డీ ఆడేటోళ్లు ఉండారు, రాత్రి పండరి భజన చేసేటోళ్లు ఉండారు. వాళ్ల దిక్కు కెమెరా తిరగలేదు. ఎవరో వచ్చి తీస్తారని కూర్చుంటే కాదు, మనమే తీయాల. ఆటల మీద, పాటల మీద డాక్యుమెంటరీలు తీసి బతకడం అనే పని ఒకటి ప్రపంచంలో ఉండాది. అది ఎట్ల నడుస్తాది, దాంట్లోకి దావ ఏంది అనేది నాకు అర్థమైనకాడికి చెప్తా.

ఒక మనిషి కత నుంచి మొదలుపెడదాం

ఆయన పేరు అసిఫ్ కపాడియా. 1972లో లండన్‌లోని హాక్నీ అనే పేటలో పుట్టినాడు. గుజరాత్ మూలాలున్న ముస్లిం కుటుంబం. సినిమా చదువు చదువుకొని, 1997లో రాజస్థాన్‌కు వచ్చి 'ది షీప్ థీఫ్' అని ఒక పొట్టి సినిమా తీసినాడు. 2001లో అదే రాజస్థాన్ ఎడారిలో ఇర్ఫాన్ ఖాన్‌ను పెట్టి 'ది వారియర్' అనే కతా చిత్రం తీసినాడు. దానికి బ్రిటన్‌లో బాఫ్టా అవార్డులు వచ్చినాయి. గమనించండి, ఆయన ఎండ, దుమ్ము, మాటలు తక్కువుండే మనుషులతో మొదలైనోడు. మనకు కొత్త లోకమేమీ కాదు.

ఆయనకు ప్రపంచమంతా పేరు తెచ్చింది మాత్రం మూడు డాక్యుమెంటరీలు. 2010లో 'సెన్నా'. బ్రెజిల్ కారు పందేల వీరుడు ఐర్టన్ సెన్నా మీద. 1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో పందెం నడుస్తాండగా కారు గోడకు గుద్దుకొని చనిపోయినాడు ఆ మనిషి. 2015లో 'ఏమీ'. 27 ఏండ్లకే చనిపోయిన లండన్ పాటగత్తె ఏమీ వైన్‌హౌస్ మీద. దీనికి 2016లో ఆస్కార్ వచ్చింది. 2019లో 'డియెగో మారడోనా'. ఈ ఫుట్‌బాల్ ఆటగాని పేరు మన పల్లెల్లో కూడా తెలుసు. 2024లో రోజర్ ఫెదరర్ చివరి రోజుల మీద ఇంకొక ఆయనతో కలిసి ఒక సినిమా తీసినాడు. నడుమ 1971 సంవత్సరపు సంగీతం మీద ఒక సిరీస్ నడిపించినాడు. ఒక ఆట, ఒక పాట, మళ్లా ఒక ఆట. ఆయన పని అట్ల సాగింది.

ఆటకు, పాటకు సంబంధమేంది అంటారా? రెండూ ఒళ్లుతో చేసే పనులు. రెండూ జనం ముందర జరుగుతాయి. ఆ క్షణం దాటితే మళ్లీ రావు. రెండిట్లోనూ పేదింటి పిల్లోడు ఒక్క రాత్రిలో పైకి పోతాడు, అంతే తొందరగా కింద పడతాడు. ఆ పైకి పోవడానికీ కింద పడడానికీ నడుమ ఏం జరిగిందో చెప్పేదే డాక్యుమెంటరీ. స్కోరు పేపర్లో దొరుకుతాది. ఆ స్కోరు వెనకాల మనిషి దొరకడు.

ఆయన పనితనంలో కిటుకు ఏంది

మనం చూసే డాక్యుమెంటరీల్లో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చొని చెప్తాంటాడు, వెనకాల పుస్తకాల బీరువా ఉంటాది. కపాడియా ఆ మూడు సినిమాల్లో దాన్ని దాదాపు పక్కన పెట్టేసినాడు. తెరమీద అంతా పాత బొమ్మలే. టీవీ ప్రసారాలు, ఇంటి వీడియోలు, స్నేహితులు సరదాగా తీసుకున్నవి. ఇప్పటి మనుషుల గొంతు మాత్రం పైన వినపడతాది. అందుకని చనిపోయిన మనిషి కత చూస్తాంటే ఆ మనిషి మన ముందరే బతుకుతాన్నట్లు ఉంటాది.

ఈ పద్ధతికి రెండు పనులు కావాల. మొదటిది బొమ్మలు వెతకడం. 'సెన్నా'కు వేల గంటల పాత ఫుటేజీ అందుబాటులోకి వచ్చింది, అదీ ఫార్ములా వన్ నడిపేటోళ్లు తమ భోషాణం తెరిచినందువల్ల. మారడోనాకైతే 1980ల మొదట్లో ఆయన ఏజెంటే కెమెరామెన్లను పెట్టి తీయించినాడు. ఎవరూ చూడని ఆ ఐదొందల గంటల సరుకు ఏండ్ల తరబడి పడి ఉండింది. 'ఏమీ' సినిమా ఒక ఇంటి వీడియోతో మొదలవుతాది. స్నేహితురాలి పుట్టినరోజుకు ఆడపిల్లలు నవ్వుకుంటా పాట పాడతాంటారు, అందులో ఒక గొంతు మాత్రం వేరేగా లేస్తాది. ఆ గొంతు ఏమీది. ఆ రోజు కెమెరా పట్టుకున్నోళ్లకు అది ఆస్కార్ సినిమాలో మొదటి బొమ్మ అవుతాదని తెలుసునా?

నేను పెండ్లిండ్లలో తీసే వీడియోల్లో ఎంతమంది పిల్లోల్లు వెనకాల పాడుకుంటా పోయినారో నాకే తెలియదు.

రెండో పని మాట్లాడించడం. 'ఏమీ' కోసం వందకు దగ్గరగా మనుషులతో మాట్లాడినారు. కెమెరా పెట్టలేదు, మసక వెలుగున్న గదిలో మైకు మాత్రమే పెట్టినారు. దగ్గరి స్నేహితురాండ్లు మొదట నోరిప్పలేదు. నిదానంగా నమ్మకం కుదిరినాక మాట్లాడినారు. ఇది మనకు శానా పనికొచ్చే సంగతి. మా అవ్వను కెమెరా ముందు కూర్చోబెడితే కొంగు సర్దుకొని, "నాకేం తెలుసు నాయనా" అంటాది. అదే మైకు పక్కన పెట్టి, శెనక్కాయలు ఒలుచుకుంటా కూర్చుంటే రెండు గంటలు చెప్తాది.

ఇంకొకటి. ఆ మూడు సినిమాలకూ సంగీతం చేసింది అంటోనియో పింటో అనే బ్రెజిల్ ఆయనే, ఎడిటింగులో క్రిస్ కింగ్ ఉండాడు, నిర్మాత జేమ్స్ గే-రీస్. డైరెక్టరు పేరు పెద్దగా కనపడతాది గానీ, ఈ పని జట్టు పని. కబడ్డీలో రైడరు ఒక్కడే కనపడతాడు, వెనకాల ఆరుమంది ఉంటారు. మీ ఊర్లో ఒకరు మాట్లాడించేటోళ్లు, ఒకరు తీసేటోళ్లు, ఒకరు కూర్చే ఓపికుండేటోళ్లు దొరికితే జట్టు అయినట్లే.

డబ్బుండేటోళ్ల పనేనా ఇది?

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనికి మూడు సంగతులు చెప్తా.

1994లో అమెరికాలో 'హూప్ డ్రీమ్స్' అని ఒక సినిమా వచ్చింది. షికాగోలో ఇద్దరు నల్లజాతి పిల్లోల్లు బాస్కెట్‌బాల్ ఆడి పెద్దోళ్లు కావాలని కలగంటారు. మొదట అర్ధగంట సినిమా అనుకున్నారు. ఐదేండ్లు వాళ్ల వెంటే తిరిగినారు, 250 గంటలు తీసినారు. చివరికి దాదాపు మూడు గంటల సినిమా అయింది. ఆ పిల్లోల్ల ఇంట్లో కరెంటు పీకేసిన రోజు, మోకాలు దెబ్బతిన్న రోజు, వాళ్లమ్మ నర్సింగు పని పరీక్ష పాసైన రోజు, అన్నీ ఉండాయి. వాళ్లు ఎక్కువగా పెట్టింది కాలం. మన దగ్గర డబ్బుల్లేవు గానీ, కాలముండాది. పైగా మనం ఆ ఊర్లోనే ఉంటాం. బయటోడు వారం రోజులుండి పోతాడు, మనం ఐదేండ్లు పక్కింట్లోనే ఉంటాం. ఇది మనకుండే పెద్ద బలం.

రెండోది 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్', 2012. రోడ్రిగెజ్ అని డెట్రాయిట్‌లో ఒక పాటగాడు. 1970లో రికార్డు తెచ్చినాడు, అమెరికాలో ఎవరూ కొనలేదు. ఇండ్లు కూల్చే పనుల్లో కూలిగా బతికినాడు. దక్షిణాఫ్రికాలో ఆయన పాటలు ఇంటింటా మోగుతాండాయని ఆయనకే తెలియదు. ఆయన చనిపోయినాడని ఆడ జనం అనుకుంటాండిరి. మాలిక్ బెండ్‌జెల్లూల్ అనే స్వీడన్ కుర్రోడు ఈ కత తీస్తాంటే నడుమలో డబ్బులు అయిపోయినాయి. మిగిలిన కొన్ని ముక్కలు ఐఫోనులో, ఒకటి రెండు డాలర్ల యాప్‌తో తీసినాడు. ఆ సినిమాకు 2013లో ఆస్కార్ వచ్చింది.

మూడోది 'సమ్మర్ ఆఫ్ సోల్', 2021. 1969లో న్యూయార్క్ హార్లెంలో నల్లజాతి వాళ్ల పెద్ద సంగీత పండగ జరిగింది. దాన్ని అంతా వీడియో తీసినారు. కానీ కొనేటోళ్లు లేక ఆ టేపులు దాదాపు యాభై ఏండ్లు నేలమాళిగలో పడి ఉండినాయి. తీరా బయటికి తీసి సినిమా చేస్తే అదీ ఆస్కార్ కొట్టింది. ఒక జాతి పండగ యాభై ఏండ్లు కనపడకుండా పోవడానికి కారణం తీయకపోవడం కాదు, తీసినదాన్ని ఎవరూ అడగకపోవడం.

ఇది చదివినాక నేను మా పక్క టౌనులో ఒక పాత స్టూడియోకు పోయినా. 1990ల్లో జాతరలు, కబడ్డీ పోటీలు, నాటకాలు వీహెచ్ఎస్ క్యాసెట్లలో తీసేటోళ్లు. "ఆ క్యాసెట్లు ఉండాయా అన్నా?" అంటే, "బూజు పట్టినాయి తమ్ముడూ, రెండేండ్ల కింద పాత సామాన్లోనికి ఏసినాం" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఎవరూ అడగలేదు కదా. నేనైనా పెదనాయన వీడియోను దాచుకోలేదు.

మన దగ్గర ఏముండాది

శానా ఉండాది. లెక్క చూద్దాం.

అనంతపురంలో ఆర్డీటీ క్రీడాగ్రామం ఉండాది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన సంస్థ అది. 2010లో రఫేల్ నాదల్ స్వయంగా వచ్చినాడు, ఆయన ఫౌండేషన్ టెన్నిస్ బడి ఈడ తెరిచింది. ఫెదరర్ మీద కపాడియా తీసిన సినిమాలో పక్కన కూర్చొని కన్నీళ్లు పెట్టుకునేది ఆ నాదలే. ఆయన పేరుండే కోర్టులో మన పల్లె పిల్లోల్లు రాకెట్ పట్టుకుంటాండారు. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచులు అదే మైదానంలో జరిగినాయి.

నార్పల మండలం బండ్లపల్లి పేరు మీకు తెలిసే ఉంటాది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశమంతటికీ ఆ ఊర్లోనే మొదలుపెట్టినారు. ఆ రోజు ఎన్ని కెమెరాలు వచ్చినాయో! అదే బండ్లపల్లి నుంచి బారెడ్డి అనూష అనే ఎడమచేతి స్పిన్నర్ 2023 జులైలో బంగ్లాదేశ్ మీద భారత్ తరఫున ఆడింది. గడ్డపార ఎత్తిన రోజు కెమెరాల్లో పడిన ఊరు, బంతి తిప్పడం నేర్చుకుంటాండే రోజుల్లో ఎన్ని కెమెరాల్లో పడింది? ఇప్పుడు ఇంకో పల్లెలో ఇంకో పిల్ల గోడకు బంతి కొట్టుకుంటా ఉంటాది. ఆ పిల్ల పెద్ద ఆటగత్తె అయినా కాకపోయినా కత మాత్రం ఉండాది. 'హూప్ డ్రీమ్స్' పిల్లోల్లు ఇద్దరూ పెద్ద లీగులో ఆడలేదు.

పాట దిక్కు చూస్తే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉండాది. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించినారు. బొమ్మలు దీపాలుగా, తెరలుగా కొనేటోళ్లు ఉండారు. కానీ బొమ్మ వెనకాల రాత్రంతా పాడే పాట, తాళం, మద్దెల యాడ దాచినాం? గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగకు లక్షల జనం వస్తారు. చెక్కభజన, కోలాటం, ఉరుములు అన్నీ ఉండాయి.

తెలుగులో దావ చూపినోళ్లు లేరని కాదు. బి.నర్సింగరావు గారు 1987లో 'మా ఊరు' అని తెలంగాణ పల్లె మీద డాక్యుమెంటరీ తీసినారు, దానికి జాతీయ అవార్డు వచ్చింది. కె.ఎన్.టి.శాస్త్రి గారు సురభి నాటక సమాజం మీద తీసినారు. ఆ సురభి మన పక్క కడప జిల్లా ఊరి పేరే. సీమ ఆటగాని మీద, సీమ పాటగాని మీద తీసే చోటు మాత్రం ఖాళీగా ఉండాది. ఆ చోటు మీది.

ఎట్ల మొదలుపెట్టాల

గొంతుతో మొదలుపెట్టండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే ఎవరూ కూర్చోరు. వెయ్యి రూపాయల లోపల కాలర్ మైకు వస్తాది. మాట్లాడేటప్పుడు ఫ్యాను ఆపేయండి, సెల్లును ఏరోప్లేన్ మోడులో పెట్టండి. తీసేది అడ్డంగా తీయండి.

ఒకే మనిషిని పట్టుకోండి. ఊరంతా తీయాలని పోతే ఏదీ మిగలదు. ఆ మనిషి దగ్గరికి నెలకు రెండుసార్లన్నా పోండి. గెలిచిన రోజే కాదు, మ్యాచు లేని రోజు, కూలికి పోయిన రోజు, వానొచ్చి జాతర ఆగిపోయిన రోజు కూడా.

తీసిన దినమే పేరు, ఊరు, తేదీ ఒక నోటు పుస్తకంలో రాయండి. రెండు చోట్ల దాచండి. ఒక టీబీ హార్డ్‌డిస్కును నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. ఈ మాట నేను ఎందుకు గట్టిగా చెప్తాండానో మీకు తెలుసు.

హక్కుల సంగతి మరువద్దండి. టీవీలో వచ్చిన మ్యాచు బొమ్మలు ప్రసార హక్కులున్నోళ్లవి, సినిమా పాటలు ఆడియో కంపెనీలవి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు విడుదలైనప్పటి నుంచి 60 ఏండ్లు హక్కు ఉంటాది. మీ వీడియోలో వెనకాల డీజేలో సినిమా పాట మోగినా యూట్యూబ్ పట్టుకుంటాది. ఊరి టోర్నమెంటు మీరు తీస్తే ఆ బొమ్మ మీది. తాతల నాటి పాటకు ఎవరూ యజమాని కాదు, కానీ పాడిన మనిషికి తన పాడుట మీద హక్కు ఉండాది. చట్టమే ఆ మాట చెప్తాది. డబ్బులొస్తే ఆ మనిషికి వాటా పెట్టండి.

బతుకుతెరువు సంగతి దాచకుండా చెప్తా. దీంతోనే ఇల్లు గడవడానికి శానా ఏండ్లు పడుతాది, కొందరికి ఎప్పటికీ గడవదు. కపాడియా కూడా మొదటి పొట్టి సినిమా నుంచి 'సెన్నా' దాకా పదమూడేండ్లు నడిచినాడు. నేను పెండ్లిండ్లు వదల్లేదు, మీరూ చేస్తాండే పని వదలద్దండి. చదువుకోవాలనుకుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉండాది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ కోర్సు ఉండాది. చూపించుకోవాలంటే ముంబైలో 1990 నుంచి నడిచే డాక్యుమెంటరీల పండగ ఉండాది, కేరళలో ఒకటి ఉండాది. జాతీయ అవార్డుల్లో కతలేని చిత్రాలకు వేరే విభాగమే ఉండాది.

కెమెరా ఎత్తే ముందు ఒక మాట

'ఏమీ' సినిమా వచ్చినప్పుడు ఆ పిల్ల నాయన, తనను తప్పుగా చూపించినారని బహిరంగంగానే గొడవ పెట్టుకున్నాడు. ఎవరిది రైటు అనేది మనం తేల్చలేం. కానీ ఆ సినిమా చూస్తాంటే ఒక ప్రశ్న కుడుతాది. ఆ పిల్లను ఎప్పుడూ ఎవరో ఒకరు తీస్తానే ఉండారు, తాగి పడినప్పుడు కూడా. ఆ బొమ్మల్నే మనం కూర్చొని చూస్తాండాం.

పోయిన సంక్రాంతికి మా దగ్గర కబడ్డీ తీస్తాండా. ఒక పిల్లోనికి మోకాలు తిరిగింది. నేల మీద పడి అరుస్తాండాడు. నేను ఆపకుండా తీసినా. మంచి షాట్ అని నాకు లోపల సంతోషం కూడా కలిగింది, అబద్ధం చెప్పను. సాయంత్రం వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. "నాయనా, మా వాడు ఏడ్చింది ఊరంతా చూడద్దు. పోలీసు సెలక్షన్లకు పోవాలనుకుంటాండాడు" అనింది. నేను ఇంకేమీ అడక్కుండా ఆమె ముందరే తీసేసినా. రెండోసారి డిలీట్ కొట్టినా, ఈసారి తెలిసి కొట్టినా. నెల తర్వాత ఆ పిల్లోడే వచ్చి, "అన్నా, నేను మళ్లా నడిచేది తీస్తావా?" అన్నాడు. ఇప్పుడు తీస్తాండా. ఆ అరుపు నా సినిమాలో లేదు. దాని గురించి ఆ పిల్లోడు తన గొంతుతో తానే చెప్పినాడు.

ఉరుముల సంగతి కూడా వదల్లేదు. మా పెదనాయనతో పాటు వాయించిన ఆయన ఒకరు పక్క ఊర్లో ఉండారు. డెబ్బై దాటినాయి. ఆదివారం ఆదివారం పోయి కూర్చుంటా. మొదటి మూడు వారాలు మైకు పెట్టలేదు, ఊరికే మాట్లాడినాం. నాలుగో వారం ఆయనే, "ఏమప్పా, మిషను తేలేదా?" అన్నాడు. మీ ఊర్లో కూడా ఇట్లాంటాయన ఒకరుంటారు. ఈ ఆదివారం పోయి పలకరించి రాండి. సెల్లులో జాగా ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి.